గుత్త చేనికి పెంట ఎవరు తోలాలి?

మాది మైదుకూరు దగ్గర పల్లె. ఆఫీసు కాంటీన్లో సేద్యం మాటొస్తే చాలు, అందరిదీ ఒకటే పాట: "రైతులకి నాలెడ్జి లేదండీ, ఓ యాప్ చేసిస్తే సరి". అయ్యా బాబూ, కాస్త ఆగండి. పైరునీ పశువునీ కలిపి చూసుకోవాలన్న సంగతి యాప్ చెప్తే తెలుసుకునే స్థితిలో సీమ రైతు లేడు. కోతలయ్యాక చేలో గొర్రెల మంద కట్టించి, కాపరికి డబ్బులో గింజలో ఇవ్వడం మా వైపు తాతల నాటి పద్ధతి. తెలిసిన పని ఎందుకు తగ్గిపోతోందన్నదే అసలు ప్రశ్న.

మనకి లెక్కలంటే ఇష్టం కదా, మొక్కజొన్ననే తీసుకుని చూద్దాం. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. మాగిన పశువుల పెంటలో అర శాతం వేసుకుంటే, ఒక్క బస్తాకి సాటి రావాలంటే నాలుగు టన్నులు తోలాలి. "చూశారా, పెంట దండగ" అంటారు మన మేధావులు. మరి యూరియాలో నత్రజని తప్ప ఇంకేముంది? జింకు తక్కువైతే మొక్కజొన్న లేతాకుల మీద తెల్లచారలొస్తాయి. పెంటలో ఆ జింకు కొంత, పొటాషు కొంత, వాటన్నిటికీ మించి నేలలో తేమ పట్టి ఉంచే గుణం ఉన్నాయి. ఏడాదికి 700 మిల్లీమీటర్లు అటూ ఇటూగా కురిసే కడప జిల్లాలో, పూత మీద పది రోజులు వాన మొహం చాటేస్తే పైరుని నిలబెట్టేది ఆ తేమే. పైగా కండెలు విరిచాక మిగిలే చొప్పని ముక్కలు కొట్టి పెడితే ఎనుము తింటుంది. ఎనుము లేని చోట చేలోనే నిప్పు పెడుతున్నారు.

మరి అడ్డం ఎక్కడ? పెంట ఫలితం ఒక్క పంటతో రాదు, రెండు మూడేళ్ళు విడతలుగా వస్తుంది. గుత్త మాత్రం ఒక్క ఏడాదికి, అదీ నోటిమాట మీద! వచ్చే ఏడు చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలీని మనిషి ట్రాక్టర్లకొద్దీ పెంట ఎందుకు తోలాలి? నెలాఖరుకి వదిలి వెళ్ళిపోయే ప్రాజెక్టులో మీరైతే కోడు శుభ్రం చేస్తూ కూర్చుంటారా? యూరియా చల్లి ఈ ఏటి పంట తీసుకుంటాడు. దాన్ని అజ్ఞానం అనకండి, పక్కా లాజిక్కు అది.

2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఇచ్చేది 11 నెలల కార్డు. పెంటకి అదే చాలదు, దానికీ యజమాని ఒప్పుకోవాలి. యాజమాన్య హక్కుకి ఢోకా లేదని చట్టమే చెప్తున్నా, సంతకం పెడితే భూమి పోతుందని బెంగుళూరులో కూర్చుని వణికేదెవరు? జీతం డబ్బులతో పొలాలు కొనిపెట్టుకున్న మన ఐటీ సోదరులే. చుట్టూ కంచె వేసి, గేటుకి తాళం బిగించి, మందలకి దారి లేకుండా చేసేదీ వాళ్ళే. ఆపైన శనాదివారాల్లో ఆర్గానిక్ దుకాణం ముందు క్యూ!

"పశువుల్ని చూసుకునే మనుషులేరీ" అంటారా? నిజమే, ఎనుమంటే రోజూ చాకిరీ. కానీ మందని కట్టించుకోడానికి సొంత పశువక్కర్లేదు, తాళం తీస్తే చాలు.

కాబట్టి పొలమున్న ఐటీ మిత్రులకి మూడే మాటలు. గుత్త మూడేళ్ళకి కాగితం మీద రాసివ్వండి. పెంట ఖర్చులో సగం మీరు పెట్టండి, బాగుపడేది మీ నేలే. కోతయ్యాక మందని రానివ్వండి. వీటిలో ఒక్కటీ చెయ్యలేమంటారా? అయితే రైతుకి నాలెడ్జి లేదనే మాట మాత్రం ఇక కట్టిపెట్టండి.