స్కానింగ్ గదిలో మన పిల్లలకూ చోటుంది

వార్షికోత్సవానికి వచ్చిన ప్రతిసారీ ఇంటర్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఏం చదవాలె?" మనలో చాలామంది "డిగ్రీలో చేరు, తరువాత చూద్దాం" అని చెప్పి తప్పించుకుంటున్నాం. ఆ జవాబు సరిపోదని నా అభిప్రాయం. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. మనలాంటి ఇళ్ళలో "తరువాత చూద్దాం" అనే మాటకు ఖరీదు చాలా ఎక్కువ. అందుకే ఒక స్పష్టమైన దారి గురించి రాస్తున్నాను. అది మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజిస్ట్ వృత్తి. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ యంత్రాలతో రోగి శరీరం లోపలి బొమ్మ తీసి డాక్టరుకు అందించే పని అది.

ఆదిభట్ల అనగానే అందరికీ గుర్తొచ్చేవి టీసీఎస్ క్యాంపస్, విమాన విడిభాగాల కంపెనీలు. అపాచీ హెలికాప్టర్ల బాడీలు 2018 నుంచి ఇక్కడే తయారవుతున్నాయి. మన పిల్లల చూపంతా ఆ గేట్ల మీదే ఉంటుంది. అందులో తప్పు లేదు. కానీ లోహంలో కంటికి కనిపించని పగులును పట్టించే ఎక్స్‌రేలే మనిషి ఎముకలోని పగులునూ పట్టిస్తాయి. ఇబ్రహీంపట్నం వైపు నుంచి బస్సెక్కి ఉస్మానియాకు, గాంధీకి, నిమ్స్‌కు పోయే మనవాళ్ళు ఎందరో ఉన్నారు. అక్కడ వాళ్ళు గంటల తరబడి కూర్చునేది స్కానింగ్ గది ముందే. ఆ గది బయటే కాదు, లోపల కూడా మనవాళ్ళు ఉండాలని నేనంటాను.

"బటన్ నొక్కే పనికి చదువెందుకు?" అని కొందరు తేలిగ్గా మాట్లాడతారు. రాంట్‌జన్ 1895లో ఎక్స్‌రేలను కనుగొన్నాడు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది. సీటీ స్కాన్‌కు 1979లో, ఎంఆర్ఐకి 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి. ఇంత శాస్త్రం రోగికి ఉపయోగపడాలంటే ఆ యంత్రం దగ్గర నిలబడే మనిషికి తెలివి ఉండాలి, ఓపిక ఉండాలి.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు రోగి ఊపిరి నిండా పీల్చి బిగబట్టాలి. ఆ మాట అర్థం కాక ముసలమ్మ కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. మళ్ళీ తీయాలి, అంటే ఆమె మీద మళ్ళీ కిరణాలు పడాలి. "అవ్వా, గాలి గట్టిగ లోపలికి గుంజు, ఇగ ఆపు" అని చెప్పగలిగినవాడు మొదటిసారికే మంచి బొమ్మ తీస్తాడు. తెలుగు మీడియం అని, పల్లె మాట అని మనం సిగ్గుపడతాం. ఈ గదిలో అది లోటు కాదు, అర్హత.

బాధ్యత కూడా పెద్దదే. ఎంఆర్ఐ యంత్రంలోని అయస్కాంతం స్కాన్ జరగని వేళ కూడా పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలోని నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎంఆర్ఐ గదిలోకి వెళ్ళిన రోగి బంధువు ఒకరు యంత్రం లాగేయడంతో ప్రాణం కోల్పోయారు. ఆ తలుపు దగ్గర "ఆగండి" అనే మనిషి విలువ ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

"రేడియేషన్‌తో ఆరోగ్యం పాడవుతుంది, పిల్లలు పుట్టరు" అని ఇంట్లో పెద్దలు భయపడతారు. భయం వద్దు, జాగ్రత్త కావాలి. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి రేడియేషన్ పని చేసేవారికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదని పరిమితి పెట్టింది. ఒంటి మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ఎంత సోకిందో లెక్క చెబుతుంది. కిరణాలు వచ్చే చోటికి మన దూరం రెట్టింపైతే వాటి తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది మనం పుస్తకంలో బట్టీపట్టిన సూత్రమే. ఇక్కడ అదే మన ప్రాణరక్ష.

ఇక చదువు సంగతి. ఇంటర్ తరువాత పారామెడికల్ బోర్డు గుర్తింపుతో రెండేళ్ళ ఇమేజింగ్, రేడియోగ్రఫీ డిప్లొమాలు ఉన్నాయి. బైపీసీ వారికి మొదటి ప్రాధాన్యం. డిగ్రీ కావాలనుకుంటే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద బి.ఎస్సీ. కోర్సు ఉంది. వీలున్నవారు డిగ్రీయే చేయాలని నా సలహా. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ పనిని కూడా ఒక వృత్తిగా గుర్తించింది. రాబోయే రోజుల్లో రిజిస్ట్రేషన్‌కు, పై చదువులకు, విదేశాలకు డిగ్రీయే అండ.

ఒక హెచ్చరిక. మా దగ్గరి బంధువుల అబ్బాయి ఒకడు గోడ మీద పోస్టరు చూసి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. వాళ్ళమ్మ కైకిలి చేసి కూడబెట్టిన పైసలు కట్టారు. ఏడాది తరువాత చేతికొచ్చిన సర్టిఫికెట్‌కు ఏ గుర్తింపూ లేదని తేలింది. పోయిన పైసలకన్నా పోయిన ఏడాది ఎక్కువ బాధించింది. ఫీజు కట్టేముందు కాలేజీ పేరు బోర్డు జాబితాలో ఉందో లేదో చూడండి. ఇంకో మాట. యజమాని అడిగినా గర్భిణులకు అల్ట్రాసౌండ్ చేయకండి. 1994 చట్టం ప్రకారం అది అర్హత పొందిన డాక్టర్లు చేయవలసిన పని.

మొదట్లో ప్రైవేటు సెంటర్లలో జీతం తక్కువే. రాత్రి డ్యూటీలు తప్పవు. దాచి చెప్పడం అన్యాయం. అయితే ఎక్స్‌రే దగ్గరే ఆగిపోకుండా సీటీ, ఆపైన ఎంఆర్ఐ నేర్చుకున్నవారి విలువ పెరుగుతుంది. నేర్చుకోవడం ఆపినవాడికే అది బటన్ నొక్కే పనిగా మిగులుతుంది.

చివరగా రెండు కోరికలు. వార్డెన్ సార్లు పారామెడికల్ నోటిఫికేషన్ రాగానే హాస్టల్ నోటీసు బోర్డు మీద అంటించాలి. ఈ రంగంలో ఉన్న పూర్వ విద్యార్థులు ఏడాదికి ఒక ఆదివారం వచ్చి పిల్లలతో కూర్చోవాలి. మనకు దారి చూపినవాళ్ళు లేకపోవచ్చు. మన తరువాతివాళ్ళకు ఆ మాట అనే అవసరం రాకూడదు.

— ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్)