రెండు మాటలు, ఒకే కరువు

జీన్సు ప్యాంట్లు కుట్టు యంత్రముల చప్పుడు రాత్రి పొద్దుపోయినగాని సద్దుమణగని మా వీథిలో, ఒక మిద్దెగదియందు పోటీపరీక్షకు చదువుకొను పిల్లవాడొకడు దినమునకు ఇరువది చొప్పున ఘనమైన ఇంగ్లీషు మాటలను, వాని యెదుట తెలుగర్థములను నోటుబుక్కులో వ్రాసికొని వల్లెవేయుచుండును. మొన్నటి ఆదివారము ఆ పుస్తకము నా చేతబెట్టి, "అప్పజెప్తా, చూడండి సార్" అనెను. 'ఫామిన్' ఎదుట కరువు అని యున్నది. నాలుగు వరుసల దిగువ 'డ్రౌట్' ఎదుటను కరువనియే యున్నది. తేడా యేమిరా యని యడిగితిని. "ఏముంది సార్, రెండూ మన కరువే కదా!"

తప్పు వానిది కాదు. మన వాడుకలో వాన లేకున్నను కరువే, గింజ లేకున్నను కరువే. అయితే వానలేమిని అనావృష్టి యనియు, తిండిలేమిని దుర్భిక్షమనియు మన పెద్దలు విడదీసియే పలికిరి. ఇంగ్లీషువారి మాటలలోను 'డ్రౌట్' ఎండుటనుండి, 'ఫామిన్' లాటిను భాషలోని ఆకలినుండి పుట్టినవి. ఇది కేవలము పండితుల ముచ్చట యనుకొందురేమో! ధాత సంవత్సరమున మొదలై 1878 వరకు సాగిన మహాక్షామమున, 1953 దాక మా రాయదుర్గము తాలూకా చేరియుండిన బళ్లారి జిల్లాలో పైరులెండుటకు వానలేమి కారణమైనను, జనము నశించుటకు అదియొక్కటే కారణము గాదు. ధాన్యపు ధర కూలివాని కందని యెత్తున నుండగా, ఇండియా సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనులలో దినకూలిని పౌను ధాన్యమునకును, ఒక అణాకును కుదింపజేసెను. అది చాలదని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ వాదించెను. అనావృష్టి ఆకాశము చేసినది, దుర్భిక్షములో మనుష్యుల చేయియు నున్నది. అటుపిమ్మట 1880 నాటి క్షామ సంఘమును అనుసరించి నియమావళులు పుట్టగా, ఏ మాట ఎప్పుడు కాగితమున కెక్కవలెనో, ఎక్కినచో సర్కారు ఏ పనులు తెరువవలెనో నిర్ణయమయ్యెను.

మాటల నడుమ ఇట్టి తేడాలు పట్టుటకు ఓపిక కావలెను. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర, 1852 నాటి తన తెలుగు నిఘంటువునందు మాట యెదుట మాట నిలిపి ఊరకుండక, కవుల ప్రయోగములను, జనుల పలుకుబడిని గూడ చేర్చెను. నేటి మాటల పట్టికల ప్రకాశకులకు అంత ఓపిక లేదు. ప్రశ్నపత్రములు కూర్చువారికి దాని యవసరమును లేదు. 'ఎఫిమెరల్' అనగా క్షణికమని పిల్లవాడు ఒప్పజెప్పెను గాని, వాన కురిసిన పూట పారి మరునాటికి ఇసుకయగు మన వంకలకు భూగోళ శాస్త్రజ్ఞులు పెట్టిన విశేషణము అదియే యని వాని కెవరును చెప్పలేదు. చెప్పియున్నచో ఆ మాటను వల్లెవేయవలసిన పని యుండునా?

ఇదంతయు విని వాడు పెన్సిలుతో ఒక కరువును కొట్టివేసి అనావృష్టి యనియు, మరియొక కరువును కొట్టివేసి దుర్భిక్షమనియు వ్రాసికొని, కొంతసేపు ఆ పుట వంకనే చూచి, తల యెత్తి అడిగెను: "మరి మాయమ్మ కరువు పనికి పోతాది కదా సార్, అది ఈ రెండిట్లో దేనికిందికి వస్తాది?"

— దుర్గవాసి