అంబాజీపేట పిల్లలకు ఓ తాతయ్య ఉత్తరం

అబ్బాయిలూ, అమ్మాయిలూ,

“మన ఊళ్లో చూపించడానికి ఏముందండీ?” అని మీలో కొందరు అడుగుతుంటే వింటున్నాను. కోట లేదు, నిజమే. కనుమనాడు పక్కనే జగ్గన్నతోటకి 11 ఊళ్ల ప్రభలు వస్తాయి, వాటి వెంట కెమెరాలూ వస్తాయి. మర్నాడు ఎవరి దారి వాళ్లది. ఏడాది పొడుగునా మన ఊరి పేరు నిలబెట్టేది మాత్రం కొబ్బరి మార్కెట్టే.

1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. బొబ్బర్లంక దగ్గర మొదలైన కాలువలు కోనసీమలోకి దిగాయి. చేలకి నీళ్లూ అవే, సరుకు పడవలకి దారీ అవే. పడవలు పోయి లారీలొచ్చినా బేరం ఇక్కడే ఉండిపోయింది.

పేపర్లో అంబాజీపేట ధరల పట్టిక ఎప్పుడైనా చదివారా? కొత్త కొబ్బరి క్వింటాలు లెక్క. కురిడీ వెయ్యి కాయల లెక్క, అందులో మళ్లీ గండేరా, గటగట అని రకాలు. మన చరిత్ర పుస్తకం అదేనంటాను, మీరు నవ్వినా సరే.

కురిడీ అంటే తేలిక పని కాదు. బాగా ముదిరిన కాయని నెలల తరబడి అటక మీద ఉంచాలి. లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పని వదిలి గుండులా విడిపడాలి. పనితనం తెలిసినవాడు కాయని చెవి దగ్గర ఊపి చూస్తాడు. లోపల గుండు కదిలిన చప్పుడు సరిగ్గా లేకపోతే మళ్లీ అటక మీదే పెడతాడు. తొందరపడి కొడితే ముక్కలే, ముక్కకి కురిడీ ధర రాదు. చెక్కుచెదరని గుండుకే ఉత్తరాదిలో గిరాకీ.

1996 నవంబరు 6 తుపానుకి తోటలకి తోటలే నేలకూలాయి. మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుందని తెలిసీ మీ తాతలు మళ్లీ నాటారు. మన ఊళ్లోని పరిశోధన కేంద్రం గంగబొండం కొబ్బరితో సంకరం చేసి గోదావరి గంగ రకాన్ని తెచ్చింది. చదువుకున్నవాళ్లకి ఊళ్లో పనేముందనేవాళ్లు ఓసారి అటు వెళ్లి రండి.

ఉద్యోగాలకి హైదరాబాదు వెళ్తారు, అమెరికా వెళ్తారు. వెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు. వెళ్లేలోగా మాత్రం ఒక్క పని చేసిపెట్టండి. దింపు కార్మికులూ, ఒలుపు పనివాళ్లూ, పాత దళారులూ ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ల పిల్లలు ఈ పనిలోకి రావడం తగ్గిపోయింది. ఈ సెలవుల్లోనే వాళ్ల దగ్గర కూర్చుని, చెప్పిందంతా ఫోనులో రికార్డు చేయండి. పాత చిట్టా పుస్తకాలు కనబడితే చిత్తుకాగితాలవాడికి వేయనివ్వకండి.