జూదానికి ‘వాల్యూ’ అనే కొత్త పేరు

జుమా నమాజు ముగిసిన తరువాత మస్జిద్ మెట్ల మీద ఒక యువకుడు మాతో వాదానికి దిగాడు. ఎచ్చెర్లలో గది అద్దెకు తీసుకొని చదువుకుంటున్న పిల్లవాడు. “మీరు దీన్ని జూదమంటున్నారు గానీ, ఇది లెక్క చాచా! ఎవరు గెలుస్తారని నేను చూడను. యాప్ పెట్టిన ధర తప్పా, ఒప్పా అని చూస్తాను. దాన్నే వాల్యూ అంటారు” అన్నాడు. అతని ఫోనులో ఒక టెన్నిస్ మ్యాచ్ నడుస్తున్నది. ఆడుతున్న ఇద్దరి పేర్లూ మేము వినలేదు. ఆ ఊరి పేరూ వినలేదు. అతనికీ ఆ ఉదయం వరకు తెలియదట.

ఈ పిల్లవాణ్ణి కసరి పంపించడం సులభం. కానీ అతడు లెక్క అన్నాడు గనుక లెక్కతోనే మాట్లాడుదాం. ఇద్దరు సమవుజ్జీలు ఆడుతున్నారు, ఇద్దరి మీదా ధర 1.90 అనుకోండి. అంటే వంద రూపాయలు పెట్టి గెలిస్తే 190 చేతికి వస్తుంది. గెలుపోటములు సగం సగమైతే సగటున మీకు తిరిగివచ్చేది 95. మిగిలిన అయిదు రూపాయలు బుకీవి. ఇక ఆ యువకుడు చెప్పే వాల్యూ ఏమిటంటే, ఒక ఆటగాడి గెలుపు అవకాశం నిజానికి 55 శాతమని అతనికి తెలిసి, యాప్‌కు తెలియకపోతే, వందకు 104 రూపాయల 50 పైసలు వస్తాయి. ఇది అబద్ధం కాదు. గణితం ప్రకారం సరైన మాటే.

చిక్కంతా ‘తెలిసి’ అన్న మాటలో ఉన్నది. ఆ అంచనాలో అయిదు పాళ్లు తేడా వస్తే నాలుగున్నర రూపాయల లాభం కాస్తా అయిదు రూపాయల నష్టమవుతుంది. తన అంచనా సరైనదో కాదో అతనికి ఎలా తెలుస్తుంది? “వంద మ్యాచ్‌లలో 55 గెలిచాను” అని చూపించాడు. మేము ఒక మాట అడిగాము: నాణెం ఎగరవేసి ఊహించినవాడు వందకు 55 లేదా అంతకన్న ఎక్కువ గెలిచే అవకాశం ఎంత? దాదాపు 18 శాతం. అంటే ఏమీ తెలియని వందమంది పిల్లలు పందెం కాస్తే అందులో పద్దెనిమిది మందికి తాము విద్వాంసులమన్న భ్రమ కలుగుతుంది. టెలిగ్రామ్‌లో గ్రూపులు పెట్టి ‘టిప్పులు’ అమ్మేది వారే. తక్కిన ఎనభై రెండుమంది మాట ఎవరికీ వినిపించదు; మెస్ బిల్లు ఏమైందని ఇంట్లో అడిగిన రోజు తప్ప.

పోనీ, నిజంగానే లెక్క తెలిసినవాడు ఒకడున్నాడనుకుందాం. అతన్ని ఏ బుకీ ఉండనిస్తాడు? విదేశాలలో లైసెన్సు ఉన్న కంపెనీలే గెలిచే ఖాతాదారుల పందెం పరిమితిని తగ్గించివేయడం అందరికీ తెలిసిన వ్యవహారం. ఇక్కడి దొంగ యాప్ అయితే డబ్బే ఇవ్వదు. ఇవ్వలేదని కోర్టుకు వెళ్లే వీలూ లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను పందెపు ఒప్పందాలను చెల్లనివిగా చెబుతున్నది. ఆ దుకాణంలో ఓడిపోయేవాడికే చోటు.

టెన్నిస్‌నే ఎందుకు ఎంచుకున్నారన్నది కూడా ఆలోచించదగినదే. ఏడాది పొడవునా ఏ వేళ చూసినా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట మ్యాచ్ ఉంటుంది. డ్రా ఉండదు. ప్రతి పాయింటుకూ పందెం పెట్టించవచ్చు. చిన్న టోర్నీలలో ఆడేవారికి ప్రయాణపు ఖర్చులైనా రావు. ఆటమీద ఖర్చులు రాబట్టుకోగలిగేవారు ప్రపంచం మొత్తంలో కొన్ని వందలమందే. అటువంటి ఆటగాణ్ణి కొనడం ఎంత తేలికో వేరే చెప్పాలా? 2018లో టెన్నిస్ సంస్థలు నియమించిన స్వతంత్ర సమీక్షా సంఘం ఇదే తేల్చింది. అట్టడుగు స్థాయి టోర్నీల లైవ్ స్కోర్లను బెట్టింగ్ కంపెనీలకు అమ్మడం మానాలని సిఫారసు చేసింది. ఎచ్చెర్ల గదిలో కూర్చున్న పిల్లవాడు వాల్యూ వెదుకుతున్న మ్యాచ్‌లో ఫలితం ముందే అమ్ముడుపోయి ఉండవచ్చు.

హైదరాబాదులో రాకెట్ పట్టిన సానియా మీర్జా 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయినప్పుడు మన ఇళ్లలో ఆడపిల్లలు టీవీకి అతుక్కుపోయారు. ఆ ఆటతో మనకున్న చుట్టరికం అది. ఇప్పుడు మన మగపిల్లలకు మిగిలింది ఈ చుట్టరికం.

దివ్య ఖుర్ఆన్ జూదంలో లాభమే లేదనలేదు. అల్ బఖరా 219వ ఆయత్ అందులో జనానికి కొంత ప్రయోజనం ఉన్నదని ఒప్పుకొంటూనే, పాపం అంతకన్న పెద్దదని తేల్చింది. మేము ఈ మాట చెప్పినప్పుడే ఆ యువకుడు మొదటిసారి తల దించుకున్నాడు. ఆ తరువాత చెప్పాడు: లోన్ యాప్‌లో తెచ్చిన అప్పు, దానిమీద వడ్డీ, ఇంట్లో తెలియదు. మైసిర్ తలుపు తడితే రిబా వెంట వచ్చి కూర్చున్నది.

2007లో వచ్చిన బీసీ-ఇ నాలుగు శాతం రిజర్వేషన్ కోసం ఈ సమాజం ఎంత పోరాడిందో పాఠకులకు తెలుసు. ఆ మెట్టెక్కి ఇంట్లో మొదటిసారి కళాశాల ముఖం చూసిన పిల్లలు వీరు. అందుకే చట్టం గురించీ ఒక మాట చెప్పాలి. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. మంచిదే. కానీ నడిపేవారితో పాటు ఆడేవారికీ ఆరు నెలల వరకు జైలు అన్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దారి వేరు. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు ఆటలన్నిటినీ నిషేధించి, నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్లు, యాభై లక్షలు విధించింది. ఆడేవారిని నేరస్థులుగా చూడలేదు. ఇదే న్యాయమని మా అభిప్రాయం. యాప్ యజమాని ఏ దేశంలో ఉన్నాడో దొరకడు. దొరికేది గదిలోని విద్యార్థే. కానిస్టేబుల్ ఉద్యోగానికైనా కేసుల వివరాలు రాయవలసిన కాలంలో ఒక్క ఎఫ్ఐఆర్ చాలు ఆ చదువు వృథా కావడానికి. రాష్ట్ర చట్టంలో ఆడేవారిని శిక్షించే నిబంధనను సవరించాలని మన సంఘాలు కోరాలి.

శ్రీకాకుళం జిల్లాలో మనం గుప్పెడుమందిమి. ఒక పిల్లవాడు చెడితే మొత్తం జమాతుకు తెలిసిపోతుంది. ఆ భయంతోనే అతడు నోరు విప్పడు. కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటున్నది. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులూ ఉన్నారు. పాపపు పనివల్ల అప్పు చేసినవాడు తౌబా చేస్తే అతనికీ ఇవ్వవచ్చునని చెప్పిన ఫఖీహ్‌లు ఉన్నారు. స్థానిక ఉలమాను సంప్రదించి, యాప్ తొలగించి అసలు విషయం చెప్పుకొనే పిల్లలకు అసలు మొత్తమైనా తీర్చే ఏర్పాటు చేయండి. ఆ యువకుడు వచ్చే జుమాకు తండ్రిని వెంటబెట్టుకొని వస్తానన్నాడు. మేము మెట్ల దగ్గరే ఉంటామని చెప్పాము.