కొలత పడకగది కిటికీ దగ్గర తీయాలి

ఇళ్ళ మధ్య పబ్బులు, బార్లు, ఫంక్షన్ హాళ్ళు పెరిగిన కొద్దీ రాత్రి మోత మీద ఫిర్యాదులూ పెరుగుతున్నాయి. ఈ విషయం వచ్చినప్పుడు మన హేతువాద మిత్రులు రెండుగా చీలిపోతారు. పబ్బుకు వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛ, అడ్డు చెప్పేవాళ్ళంతా సంస్కృతి పోలీసులని కొందరంటారు. తాగి తందనాలాడే చోటు మన వీధిలో ఎందుకని మరికొందరంటారు. ఇద్దరూ అసలు ప్రశ్నను వదిలేశారు. లోపల ఎవరు ఏం తాగుతున్నారో లైసెన్సు ఇచ్చే అధికారికి అనవసరం. బయటికి ఎంత శబ్దం వస్తోందో అతడు తప్పక అడగాలి.

2009 జనవరిలో మంగళూరులో ఒక పబ్బులోకి చొరబడి ఆడపిల్లలను కొట్టినవాళ్ళు డెసిబెల్ మీటరు పట్టుకుని వెళ్ళలేదు. వాళ్ళ దృష్టిలో ఆడవాళ్ళు అక్కడ ఉండటమే నేరం. ఆ దౌర్జన్యాన్ని ఎప్పటికీ ఖండించాల్సిందే. కానీ రాత్రి ఒంటిగంటకు నిద్రపట్టక ఠాణాకు ఫోన్ చేసే ముసలాయనను ఆ గుంపు ఖాతాలో జమకట్టడం అన్యాయం.

చట్టం లేదా అంటే, ఉంది. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. వాణిజ్య ప్రాంతంలో అవి 65, 55. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ప్రైవేటు స్థలంలో వాడే సౌండ్ సిస్టమ్ శబ్దం ఆ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితిని 5 డెసిబెల్స్ కంటే ఎక్కువ మించకూడదు. వినడం ఇష్టం లేనివారి చెవిలో శబ్దం పోసే హక్కు ఎవరికీ లేదని 2005 జూలైలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

మరి లోపం ఎక్కడ? అంకెల్లోనే కొంత ఉంది.

మెయిన్ రోడ్డు వైపు స్థలం వాణిజ్య ప్రాంతం. దాని వెనక గోడకు ఆనుకునే నివాస ప్రాంతం మొదలవుతుంది. పబ్బు యజమాని 55కు 5 కలిపి 60 దాకా నాకు హక్కుంది అంటాడు. గోడ అవతలి కుటుంబానికి చట్టం ఇచ్చింది 45. తేడా పదిహేనే కదా అనిపిస్తుంది. డెసిబెల్ మామూలు కూడిక లెక్క కాదు. ప్రతి 10కీ శబ్ద తీవ్రత 10 రెట్లవుతుంది. 15 తేడా అంటే 30 రెట్ల పైమాటే.

రెండో లోపం బాస్. నియమాలు చెప్పే కొలత మన చెవి స్వభావాన్ని అనుసరించి తక్కువ పౌనఃపున్యాల శబ్దాన్ని తగ్గించి చూపుతుంది. గోడల్లోంచి దూరి వచ్చేదీ, కిటికీ అద్దాలను అదిరించేదీ ఆ శబ్దమే. పైగా అది కొంత సమయానికి తీసే సగటు. ఇరవైసార్లు ఉలిక్కిపడి లేచినవాడి రాత్రి కూడా సగటులో ప్రశాంతంగా కనిపించవచ్చు.

మూడోది మినహాయింపు. రాత్రివేళ మూసిన హాలు లోపలివారి కోసం స్పీకరు వాడుకోవచ్చు. తలుపు నిమిషానికోసారి తెరుచుకుంటుంటే అది మూసిన హాలు ఎలా అవుతుంది?

ఇక లైసెన్సులు. మద్యానికి ఎక్సైజ్ శాఖ, వ్యాపారానికి నగరపాలక సంస్థ, వినోదానికి పోలీసులు. ఫీజు ప్రభుత్వ ఖాతాలోకి, లాభం యజమాని ఖాతాలోకి పోతాయి. పోయిన నిద్ర మాత్రం ఏ పద్దులోనూ చేరదు. ఇంకో విడ్డూరం చూడండి. మద్యం నిబంధనల్లో గుడికి ఇంత దూరం, బడికి ఇంత దూరం అని ఉంటుంది. నిద్ర అక్కర్లేని దేవుడికి దక్కిన రక్షణ నిద్రపోయే మనిషికి అంత సులువుగా దక్కదు.

2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు జూబ్లీహిల్స్ పబ్బుల కేసులో రాత్రి 10 తర్వాత సంగీతం వద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత ధర్మాసనం దాన్ని కొన్ని పబ్బులకే పరిమితం చేసింది. కాలనీవాసులు న్యాయస్థానం దాకా పోవలసి వచ్చిందంటేనే లైసెన్సు ఇచ్చిననాడు జరగవలసిన పని జరగలేదన్నమాట. డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉద్యోగం చేసినవాణ్ణి కనుక చెబుతున్నాను: డబ్బు పోయాక అభ్యంతరం రాయడం కంటే చెల్లింపుకు ముందే బిల్లు పరిశీలించడం మేలు. ఇక్కడా అంతే. సౌండ్ సిస్టమ్ పూర్తి స్థాయిలో పెట్టించి, రాత్రిపూట, అతి దగ్గరి ఇంటి పడకగది కిటికీ దగ్గర కొలవాలి. బాస్‌ను విడిగా కొలవాలి. ఆ ఇంటికి వర్తించే పరిమితి దాటితే లైసెన్సు ఆపాలి. జంట తలుపులు, శబ్దాన్ని అదుపుచేసే లిమిటరు పెట్టి పరిమితిలో ఉంటే, అనుమతించిన వేళ దాకా ఆడుకోనివ్వండి, పాడుకోనివ్వండి. సంగీతకారుడిదీ, వెయిటరుదీ బతుకుతెరువే.

మేం ముందునుంచీ ఉన్నాం, ఇళ్ళు తర్వాత వచ్చాయి అని యజమానులు చెప్పే సందర్భాలూ ఉంటాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో దీనికి ఒక దారి చూపింది. అక్కడ ఎవరు కొత్తగా వస్తే శబ్దాన్ని అడ్డుకునే ఖర్చు వారిది. పాత సంగీత వేదిక పక్కన అపార్టుమెంటు కడితే ఆ బాధ్యత బిల్డరుది.

ఇదే మీటరు గుడి మైకుకూ, మసీదు మైకుకూ, చర్చి స్పీకరుకూ, పెళ్ళి డీజేకూ పెట్టాలి. పండుగలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా అనుమతించే అధికారం రాష్ట్రాలకు ఉంది. మతం మోతను మాత్రమే విమర్శించి పబ్బు మోతకు స్వేచ్ఛ అని పేరు పెడితే మన మాటకు విలువుండదు.

మన సంఘం శాఖలు ఒక పని చేయవచ్చు. సరిచూసిన ధ్వని మీటరు ఒకటి కొని, తేదీ, సమయం, దూరం, అంకె రాసి ఫిర్యాదుకు జతచేయాలి. ఫోనులో వచ్చే యాప్ అంకె సూచనకు పనికొస్తుంది గాని సాక్ష్యానికి చాలదు. కోపంతో రాసిన అర్జీని పక్కన పడేయడం అధికారికి సులువు. అంకెలున్న అర్జీకి అతడు జవాబు రాయాల్సి వస్తుంది.