మందల వెంట, మాట వెంట



గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టారు. అది మొదలై నూరేళ్లవుతున్న వేళ, ఆయన పుట్టిన పాలమూరు గడ్డ మీదే అచ్చుకెక్కని బతుకులను వెతకాలనుకున్నాం. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో పొడ తూర్పు పశువులను సాకే తండాల ఆడవాళ్లు మొదట గుర్తొచ్చారు.

ఒంటినిండా మచ్చలుండే ఈ పశువుకు 2020లో దేశీయ జాతిగా గుర్తింపు వచ్చింది. గట్టి గిట్టలు, కొద్దిపాటి మేతతో నెగ్గుకొచ్చే ఒళ్లు. కురుమూర్తి జాతరలో రైతులు కోడెలను ఏరికోరి కొనేది అందుకే. ఆ బేరం ఎక్కువగా మగవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఈనిన ఆవును రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న మనిషి పేరు ఆ లెక్కలో కనిపించదు. మమ్మల్ని బాధపెట్టింది ఇదే.

ఈ సంచికలో హైదరాబాద్ మలక్‌పేట గుర్రప్పందేల మీద కూడా ఒక వ్యాసం ఉంది. అక్కడా గెలిచిన గుర్రం పేరు పత్రికకెక్కుతుంది, లాయంలో మాలీసు చేసిన చేతులు ఎక్కవు.

తమ కథను తామే చెప్పుకున్న ఆడవాళ్లు మనకు కొత్త కాదు. 2001లో చిత్తూరు జిల్లా పల్లె మహిళలు ‘నవోదయం’ పత్రికను తామే రాసి నడిపారు. 2008లో జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత మహిళల గొంతుతో సంఘం రేడియో మొదలైంది. ఆ తోవలోనే ఈసారి కాపరి మహిళల మాటలను పాలమూరు యాసలో, ఒక్క అక్షరం దిద్దకుండా అచ్చువేశాం. వనపర్తి, గద్వాల అక్కచెల్లెళ్లూ, మీ మందల సంగతులు రాసి పంపండి. రాయడం రాకపోతే చెప్పి రాయించండి. వచ్చే సంచికలో వాటికి చోటు ఉంచాం.

— సంపాదకవర్గం