ఇంటిపేరు పూర్తిగా వ్రాయవలెను

పాఠశాల పట్టికలలో బాలబాలికల యింటిపేర్లు నానాటికి ఒక్క యక్షరముగా కుదించుకొని పోవుచున్నవి. దానివలన నష్టమేమని కొందరడుగుదురు. నష్టము కలదనియే మా యభిప్రాయము.

డిచ్‌పల్లి కుష్ఠు వైద్యశాలను 1915లో నెలకొల్పిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారి పేరు మన మండలమునకు చిరపరిచితము. ఆమె స్కాట్లండు దేశీయురాలు. పుట్టినింటిపేరు గన్, మెట్టినింటిపేరు కెర్. కెర్ అనునది స్కాట్లండు, ఇంగ్లండు దేశముల సరిహద్దునందలి ప్రాచీన వంశనామము. పూర్వపు నార్సు భాషలో చిత్తడినేలను మొలచు పొదలకు "క్యర్" అని పేరు. అదియే యింటిపేరైనదని పండితులు తలంతురు. గేలిక్ భాషలో ఎడమచేతివాటమును దెలుపు మాట యొకటి ఆ ధ్వనికి దగ్గరగా నుండుటచే, కెర్ వంశీయులెల్లరు ఎడమచేత కత్తి పట్టువారనియు, వారి కోటమెట్లు దానికి దగినట్లు త్రిప్పి కట్టబడెననియు కథ పుట్టినది. కథ వినసొంపైనదే, కాని పేరునుబట్టి కథ అల్లినట్లున్నది.

మన తుమ్మలవారును, మామిడివారును అట్టివారే గదా! చెట్టు పేరు ఇంటిపేరైన తీరు ఇరుదేశములందు నొక్కటే.

నిజాంసాగరము 1931లో పూర్తియై, 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలసిన కాలమున, కోస్తా మండలములనుండి వచ్చి ఇచ్చట సేద్యము సాగించిన కుటుంబములు పెక్కు. అట్టివారిలో కొందరి యింటిపేరు పూర్వులు విడిచివచ్చిన గ్రామము పేరే. పెద్దలు గతించినను పేరు ఆ యూరిని చెప్పుచుండును. ఒక్క యక్షరము మిగిలినచో ఆ జాడయు మాయును.

ఇంటిపేరు కులమును బయటపెట్టునని, పిల్లలు చిన్నచూపునకు గురియగుదురని కొందరు తల్లిదండ్రులు వెరతురు. ఆ వెరపు నిరాధారము గాదు. అయినను దోషము పేరునందు లేదు; పేరడిగి పీట వేయువారియందున్నది. కెర్ దొరసానిగారికి గౌరవము సరిహద్దు కోటలవలన రాలేదు; లోకము వెలివేసిన రోగులను చేరదీయుటవలన వచ్చినది.

కావున పట్టికలో ఇంటిపేరు పూర్తిగా, ఎల్లప్పుడు ఒకే వర్ణక్రమమున వ్రాయబడుగాక. తరగతిలో పిలుచుటకు మాత్రము సొంతపేరు చాలును. విద్యార్థులారా! ఈ సెలవులలో అవ్వతాతల నడిగి, తల్లి పుట్టినింటిపేరుతో సహా మీ యింటిపేర్ల వృత్తాంతము వ్రాసికొనుడు. తెలిసినంత వ్రాయుడు, తెలియనిచోట కథ కట్టకుడు.